లింకను కథ నుంచి సీతాఫలం దాకా

తెలుగు పిల్లలకు బడిలో చరిత్ర ఎలా చెబుతూ వచ్చామో రెండు వందల ఏళ్ల వెనక నుంచి చూస్తే, మొదట్లో అలాంటి పాఠమే విడిగా లేదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో వీధిబడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. మరుసటి ఏడాది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులుండేవి, అందులో 226 తెలుగువి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. చదువు వచ్చిన పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. ఎక్కాలు, పురాణేతిహాసాల పద్యాలు వల్లెవేయించేవారు. అర్థం తెలియకుండానే చాలామంది కంఠస్థం చేస్తున్నారని క్యాంప్‌బెల్ రాశాడు. పసివాళ్లకు గతమంటే పురాణమే.

ఇంగ్లీషు చదువులతో చరిత్ర పాఠం వచ్చింది. మద్రాసు రాజధానిలో బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మార్స్‌డెన్ రాసిన భారతదేశ చరిత్ర పుస్తకాలు చాలాకాలం నడిచాయి. రాజులు, యుద్ధాలు, తేదీలు, గవర్నరు జనరళ్లు అందులో వరసగా ఉండేవి. నిజాం రాజ్యంలో ఇబ్బంది మరొకటి. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు సర్కారు బడిలో ఏ పాఠమైనా పరాయి భాషలోనే నేర్చుకోవాలి. ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పాలన్నది అక్కడి తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ పదే పదే చేసిన డిమాండు. గతాన్ని అర్థం చేసుకోవడానికి ముందు చెప్పే మాట అర్థం కావాలి కదా.

ముందుగా వచ్చిన అమెరికా

బడి ఇవ్వని చరిత్రను పుస్తకం ఇచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. 1907లో ఆ మండలి వేసిన మొదటి పుస్తకం ఒక అమెరికా అధ్యక్షుడి జీవితం: గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. లక్ష్మణరావు రాసిన హిందూ మహాయుగం, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర ఆ తర్వాతివి.

ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. కర్రదుంగల ఇంట్లో పుట్టి, బడి చదువు పెద్దగా లేకపోయినా దొరికిన పుస్తకమల్లా చదివి ఎదిగినవాడి కథ అది. మనుషుల్ని కొని అమ్మే వ్యవస్థతో తలపడిన వాడి కథ. పరాయి పాలనలో ఉన్న తెలుగువాడికి ధైర్యం చెప్పే కథ. ఇంట్లో తండ్రి పైకి చదివితే పక్కన కూర్చున్న పిల్లలు విని గుర్తుపెట్టుకోగల కథ కూడా. పిల్లలకు చరిత్ర మొదట మనిషి కథగానే రుచిస్తుందని తెలుగు ప్రచురణ రంగం అప్పుడే పట్టుకుంది.

ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. గొప్పవాళ్ల కథల్లో కల్పన సులువుగా దూరుతుంది. చెర్రీ చెట్టు నరికి, తండ్రితో నిజం ఒప్పుకున్న జార్జి వాషింగ్టన్ కథ మన బడుల్లోనూ నీతిపాఠంగా చెబుతారు. దాన్ని ప్రచారంలో పెట్టింది మేసన్ వీమ్స్ అనే మతబోధకుడు. తాను రాసిన వాషింగ్టన్ జీవితకథలో, 1806 నాటి కూర్పులో ఆ ఘట్టం చేర్చాడు. అప్పటికి వాషింగ్టన్ పోయి ఏడేళ్లయింది. అది నిజంగా జరిగిందనడానికి ఆధారం లేదు. నిజాయితీ నేర్పడానికి ఆధారం లేని కథ వాడుకోవడం పిల్లల పట్ల అన్యాయమే.

ఆధారం ఎంత ముఖ్యమో లక్ష్మణరావు తరానికి బాగా తెలుసు. ఆయన 1923లో కన్నుమూశాక ఆయన పేరిట హైదరాబాదులో నడిచిన పరిశోధక మండలి ఊరూరా తిరిగి శాసనాలు సేకరించింది. 1935లో తెలంగాణా శాసనములు అచ్చువేసింది. గుడి ముందు రాయి మీద ఉన్న రాత చరిత్రకు సాక్ష్యమని తెలుగువారికి చూపించింది. ఆ దృష్టి చిన్న తరగతుల దాకా రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

సోషల్ ఎక్కడిది?

మన పిల్లలు సోషల్ అని పిలిచే సబ్జెక్టుకు ఆ రూపం అమెరికాలో వచ్చింది. 1916లో అక్కడి జాతీయ విద్యా సంఘం నియమించిన కమిటీ చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను సామాజిక అధ్యయనంగా కలపమంది. తర్వాతి దశాబ్దాల్లో పాల్ హన్నా వంటి విద్యావేత్తలు చిన్న తరగతులకు ఒక క్రమం ఏర్పరచారు: ముందు ఇల్లు, తర్వాత వీధి, ఊరు, రాష్ట్రం, దేశం, ప్రపంచం.

మన దగ్గర 1938 నాటి వార్ధా విద్యా ప్రణాళికలో సామాజిక అధ్యయనం ఉంది. ఆ కమిటీ అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్ హైదరాబాదులో పుట్టినవారు. 1952–53 సెకండరీ విద్యా కమిషన్ దాన్ని బలపరిచింది. దాని అధ్యక్షుడు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలులో పుట్టారు. ఆ తర్వాత ప్రాథమిక తరగతుల్లో చరిత్ర పరిసరాల విజ్ఞానంలో కలిసిపోయింది. 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేసి నేర్చుకోవడం, బృందంగా పనిచేయడం, బయటికి వెళ్లి చూడడం తరగతిలోకి తెచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బడి చదువును బయటి జీవితంతో కలపమంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడి చరిత్రకు పాఠాల్లో చోటు పెరిగింది.

దగ్గర నుంచి దూరానికి వెళ్లే ఈ క్రమం మంచిదే. ఇల్లు, వీధి, పోస్టాఫీసు అంటూ అక్కడే ఆగిపోతే మాత్రం పిల్లలకు విసుగు. 1987లో అమెరికా చరిత్రకారిణి డయాన్ రావిచ్ ఇదే విమర్శ చేశారు. పిల్లలకు ముందే తెలిసిన సంగతులు చెబుతూ అసలు చరిత్రను చిన్న తరగతుల నుంచి తీసేశారని ఆమె వాదన. దాదాపు అదే సమయంలో కాలిఫోర్నియా తన ప్రణాళిక మార్చుకుంది. నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర, ఐదులో 1850 దాకా దేశ చరిత్ర పెట్టింది.

సీతాఫల్‌మండిలో ఒక పాఠం

దగ్గరకూ దూరానికీ మధ్య దారి ఉందని చూపడానికి సికింద్రాబాదులోని సీతాఫల్‌మండి కంటే మంచి చోటు నాకు తోచదు. దసరా దాటాక బండ్ల మీద సీతాఫలాలు రాశులు పోస్తారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగరం కాయకు మంచి గిరాకీ. నాలుగో తరగతి టీచరు ఒక పండిన కాయ బల్ల మీద పెట్టి, గోడకు ప్రపంచ పటం తగిలించి అడగాలి: ఈ చెట్టు పుట్టిల్లు ఎక్కడ? పిల్లలు మన అడవులనే అంటారు. వృక్షశాస్త్రవేత్తలు చూపించేది ఉష్ణమండల అమెరికాను. పోర్చుగీసు ఓడల మీద ఇటు వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, వేరుశనగ, జామ, బొప్పాయి కూడా ఆ ఖండాల నుంచే వచ్చాయి. 1492కు ముందు ఇక్కడి కూరలో కారం ప్రధానంగా మిరియాలదే.

ఇక ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. మొక్కజొన్నను మొదట సాగుచేసిందెవరు? కొలంబసు వెళ్లేసరికి అక్కడ మనుషులున్నారా? ఉంటే ఏమయ్యారు? ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ చివరి ప్రశ్నకూ జవాబు చెప్పవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లతో కొత్త రోగాలు వచ్చాయి, భూములు పోయాయి, చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్ల వారసులు ఇవాళా అక్కడున్నారు. ఇంత మాత్రం నిజం పసివాళ్లు మోయగలరు.

అదే పటం మీద రెండో పాఠం రైలుది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు రైల్వే కొలువే ఆధారం. తాతగారి గుర్తింపు కార్డు, పాత ఫొటో, అమ్మమ్మ చెప్పిన సంగతి తరగతికి వస్తే పిల్లలు ఒకదానితో ఒకటి సరిపోల్చగలరు. మీకెలా తెలుసు అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

సీతాఫల్‌మండి స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే కాచిగూడ వైపు తర్వాతి స్టేషన్ ఆర్ట్స్ కాలేజీ. 1964లో ఆ కాలేజీ ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోనే అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం వెలిసింది. దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు, పరిశోధకులు దాని గ్రంథాలయానికి వచ్చేవారు. ఇంత దగ్గర ఉన్న ఆ జ్ఞానం పక్క వీధి ప్రాథమిక బడికి చేరే దారి వేయలేదు. ఇక్కడి పిల్లలకు అమెరికా పాఠ్యపుస్తకంలో సరిగ్గా ఎదురయ్యేది తొమ్మిదో తరగతిలో, విప్లవాల పాఠంలో.

సముద్రానికి అవతల

ఇప్పుడు తెలుగు ఇళ్లలో ఈ పాఠం రెండు వైపులా నడుస్తోంది. అమెరికాలోని మనవలు ఐదో తరగతిలో జేమ్స్‌టౌన్ 1607, మేఫ్లవర్ 1620 చదువుతారు. వారాంతాల్లో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి చోట్ల తెలుగు దిద్దుతారు. ఒకప్పుడు అక్కడి బడుల్లో థాంక్స్‌గివింగ్ పండగ రాగానే కాగితపు ఈకల టోపీలు పెట్టి నాటకం వేయించేవారు. ఆ పండగకు మూలమని చెప్పే 1621 నాటి విందులో ఉన్న వాంపనోగ్ ఆదివాసుల మాట ఎవరూ అడిగేవారు కాదు. 1970 నుంచి ఆదివాసులు అదే రోజున ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తున్నారు. చాలా బడులు ఆ టోపీలు మానేసి ఇద్దరి మాటా చెబుతున్నాయి. కాలిఫోర్నియాలోనూ నాలుగో తరగతి పిల్లలతో పాత స్పానిష్ క్రైస్తవ మిషన్ల నమూనాలు కట్టించే అలవాటు తగదని 2016 పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. అక్కడ బతికిన, చనిపోయిన ఆదివాసుల గురించి చదవమంది.

అంత బాధాకరమైన గతాన్ని అక్కడ పదేళ్ల పిల్లల ముందు పెట్టగలిగినప్పుడు, మనమూ వెట్టిచాకిరీ గురించి, అంటరానితనం గురించి, 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన తీరు గురించి చిన్న తరగతుల్లో నిజాయితీగా మాట్లాడవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు. టీచరుకు సిలబస్ పూర్తిచేయాలన్న తొందర తగ్గించాలి. ప్రతి తరగతి గదిలో ఒక మంచి ప్రపంచ పటం ఉండాలి. ఏడాదిలో కొన్ని రోజులైనా పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లాలి. పరీక్షలో ఏ సంవత్సరం అన్న ప్రశ్నతో పాటు ఎలా తెలిసింది అన్న ప్రశ్నకూ మార్కులుండాలి. 1907లో తెలుగు పాఠకుడికి లింకనును పరిచయం చేసినవాళ్లు దూరపు చరిత్ర మనకెందుకని అనుకోలేదు. శాసనాలు ఏరినవాళ్లు ఊరి రాయి చిన్నదని అనుకోలేదు. ఆ రెండు పనులూ ఒకే తరగతి గదిలో జరగాలి. ఆ పని హైస్కూలు దాకా ఆగకుండా మూడో తరగతిలోనే మొదలుపెట్టాలి.