356 మైళ్ళ బండి

హైదరాబాదు చౌమొహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు దర్బారు హాలులో షాండిలియర్ల కింద ఆగినట్టే, అద్దాల వెనక నిలిపిన ఒక పసుపుపచ్చ కారు ముందు కూడా తప్పకుండా ఆగుతారు. 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. కార్ల పిచ్చివాళ్ళ లోకంలో దాని పేరు ‘థ్రోన్ కార్’, అంటే సింహాసనం కారు. వెనక సీటు మిగతా వాటికంటే ఎత్తుగా, నిజంగానే గద్దెలా ఉంటుంది. ఆ పసుపు అసఫ్ జాహీల జెండా రంగు. ఏనుగు మీది అంబారీని దించి నాలుగు చక్రాల మీద పెట్టినట్టుంటుంది వాలకం. పత్రికల్లో పదే పదే వచ్చిన లెక్క ప్రకారం అది పుట్టినప్పటి నుంచి తిరిగింది 356 మైళ్ళు. వినుకొండ పక్కన మా ఈపూరు నుంచి హైదరాబాదు వెళ్ళి రావడానికి దాదాపు సరిపోతుందేమో, అంతే.

ఇంత తక్కువ తిరిగిన బండికి చరిత్ర ఏం ఉంటుంది అనిపిస్తుంది. యజమానుల వరస చూస్తే ఉందనే తేలుతుంది.

కారుకు ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అంటారు. ఆయన 1911 ఆగస్టులో పోయాడు. బండి తయారై వచ్చేసరికి గద్దె మీద కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. తండ్రి షోకు కొడుకు చేతికి వచ్చింది. మనుషుల సంగతి చూస్తే ఇంతకంటే పొసగని జోడీ ఉండదు. మహబూబ్ పాషా దుస్తులు, విందులు, వేట అంటే పడి చచ్చే మనిషి. ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసుకుంది, కానీ ఆయన పిసినారితనం గురించి ఊరంతా కథలే. రోజువారీ తిరగడానికి 1918 నాటి పాత ఫోర్డు టూరర్ వాడేవాడని ఆయన మీద రాసినవాళ్ళు చెబుతారు. గద్దె సీటున్న బండి ఊరేగింపులకి, డొక్కు ఫోర్డు పనులకి. నన్నడిగితే ఏడో నిజాం మనస్తత్వం ఈ రెండు కార్ల మధ్యనే ఉంది.

ఇంతకీ ‘రోల్స్ రాయిస్ కారు’ అన్నమాటే ఆ రోజుల్లో సగం నిజం. డెర్బీలోని ఆ కంపెనీ కారు అమ్మేది కాదు, ఛాసిస్ అమ్మేది: ఫ్రేము, ఆరు సిలిండర్ల 7,428 సీసీ ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు. ఆ మోడలుకి కంపెనీ పెట్టిన పేరు ‘40/50 హార్స్‌పవర్’. సిల్వర్ ఘోస్ట్ అనేది 1907లో ఒకే ఒక్క ప్రదర్శన కారుకి పెట్టిన ముద్దుపేరు, తర్వాత అన్నిటికీ అంటుకుంది. ఛాసిస్ కొన్నవాడు దాన్ని తనకు నచ్చిన బాడీ కట్టేవాడి దగ్గరికి పంపుకోవాలి. నిజాం బండికి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ అండ్ కో. వాళ్ళు 1710 నుంచి గుర్రబ్బండ్లు కట్టిన వాళ్ళు. అందుకే ఈ కారులో కారు తక్కువ, కోచి ఎక్కువ.

ఇంజను ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది అయినప్పుడు, ఒళ్ళు మార్చడం పెద్ద పాపమేమీ కాదు. 1914లో యుద్ధం రాగానే ఇదే సిల్వర్ ఘోస్ట్ ఛాసిస్‌ల మీద ఉక్కురేకులు బిగించి, పైన మెషిన్ గన్ పెట్టి సాయుధ శకటాలు చేశారు. అరేబియా ఎడారిలో లారెన్స్ తిరిగింది అలాంటి వాటిల్లోనే. ఒక ఛాసిస్ మీద సింహాసనం, ఇంకో దాని మీద మరఫిరంగి. అందుకే పాత కార్ల వంశవృక్షం గీసేవాళ్ళు రంగును, ఆకారాన్ని నమ్మరు, నంబర్లను నమ్ముతారు. ప్రతి ఛాసిస్‌కీ కంపెనీ ఒక కార్డు రాసేది: ఎవరికి అమ్మారు, బాడీ ఎవరు కట్టారు అని. ఆ కార్డులు ఇంగ్లాండులో పాలర్స్‌ప్యూరీ అనే ఊళ్ళో రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి. బండి ఇండియాలో ఎన్ని చేతులు మారినా దాని జాతకం అక్కడ దొరుకుతుంది.

పుట్టుక కాగితం అక్కడుంది సరే, బతుకు కాగితం మాత్రం ఇక్కడే వెతుక్కోవాలి. ఇక్కడ కాగితాలకంటే కథలెక్కువ. రోల్స్ షోరూములో అవమానం జరిగితే రాజుగారు కార్లన్నీ కొని చెత్త ఎత్తించాడన్న కథ వినే ఉంటారు. అల్వారు రాజు అంటారు కొందరు, పటియాలా అంటారు, భరత్‌పూర్ అంటారు, మనవాళ్ళు నిజాం అంటారు. కథ ఒకటే, రాజు పేరే మారుతుంది. కథలకి కూడా ఛాసిస్ నంబరుంటే బాగుండేది. దీనికంటే నాకు నచ్చింది ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’లో కాలిన్స్, లాపియెర్ రాసిన సంగతి: నిజాం తోటలో బంగారు ఇటుకలు నింపిన లారీలు బరువుకి చక్రాలదాకా బురదలో దిగబడిపోయాయట. నిజమో అతిశయోక్తో గాని, కదలని బండి అనే బొమ్మ ఆ ఇంటికి భలే అతుకుతుంది.

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాడు. కొడుకుని కాదని మనవడు ముకర్రం జాకి వారసత్వం ఇచ్చాడు. ఆ మనవడికి ఏం దక్కిందో విలియం డాల్రింపుల్ 2007లో గార్డియన్ పత్రికలో రాశాడు: వేలమంది సిబ్బంది, షాండిలియర్ల దుమ్ము దులపడానికే 38 మంది, గ్యారేజీలో 60 కార్లు. పెట్రోలుకీ స్పేర్ పార్టులకీ ఏడాదికి 45,000 పౌన్లు. నడిచేవి నాలుగే నాలుగు. పట్టాభిషేకం నుంచి కొత్త నిజాంను తీసుకెళ్ళాల్సిన లిమోజిన్ కూడా దారిలో ఆగిపోయిందట. తమాషా ఏమిటంటే, ఈ ముకర్రం జాకి యంత్రాలంటే ప్రాణం. బానెట్టు ఎత్తి చేతులు నల్లగా చేసుకోవడం ఇష్టమున్న మనిషి. చివరికి హైదరాబాదు వదిలి పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల పొలం కొని అక్కడ బుల్డోజర్లు తోలాడు. నలుగురిలో గద్దె సీటు మీద కూర్చోవడం ఇష్టంలేక డ్రైవరు సీటు వెతుక్కుంటూ వెళ్ళిన నిజాం ఆయన ఒక్కడే.

ఈలోగా ఆస్తి కోసం వారసులు కోర్టులకెక్కారు. నగల సంగతి వేరు. వాటికి ముందే ట్రస్టులున్నాయి, లెక్కలున్నాయి. ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచి 1995లో 173 ఆభరణాల్ని భారత ప్రభుత్వం 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో పెట్టింది. వజ్రం ఎన్నేళ్ళు పెట్టెలో ఉన్నా వజ్రమే. కారు అలా కాదు. ఒక వానాకాలం కప్పు కారితే చాలు, తోలు సీటు ఉబ్బుతుంది, రేకు తుప్పు పడుతుంది, కొయ్య ఫ్రేముని చెద తింటుంది. ముకర్రం జా మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా తిరిగొచ్చి ప్యాలెస్ బాగుచేయించి, 2005లో జనానికి తెరిపించాకే థ్రోన్ కార్‌కు మళ్ళీ మంచిరోజులొచ్చాయి. రంగు, ఇత్తడి, పట్టు, అన్నీ మెరుస్తున్నాయి ఇప్పుడు.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. ఈ కారుని అందరూ మెచ్చుకునేది ‘ఒరిజినల్’ అని. బార్కర్ కట్టిన ఒళ్ళు అలాగే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు అని. ఎవరూ చెయ్యి ఎందుకు పెట్టలేదంటే, ఎవరికీ దానితో పని పడలేదు. పని పడ్డ బండి ఎలా ఉంటుందో పల్నాడులో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకి రేషను వస్తే గుంటూరు జిల్లా బస్సులు వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని నడిచాయి. తర్వాత కాలంలో పెట్రోలు అంబాసిడర్లకి, జీపులకి మటాడోర్ డీజిలు ఇంజను దించారు. దాని కోసం మౌంటింగులు కోసి వెల్డింగు చేశారు. స్ప్రింగు పట్టీలు పెంచారు, మిరపకాయ టిక్కీలు పట్టేలా వెనక భాగం తీసేశారు. నరసరావుపేట లేత్ షెడ్డులో దొరకని పార్టు లేదు, ఎందుకంటే దొరక్కపోతే తిప్పి ఇచ్చేవాళ్ళు. బండి అమ్మేటప్పుడు ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు ముద్ర తీసేవాళ్ళు. ఆర్సీ బుక్కుకి కావలసింది ఆ ముద్రే. దాని చుట్టూ మిగతాదంతా మారిపోయి ఉండేది. అయినా అది ఫలానా వాళ్ళ జీపే.

ఈ తగువు లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది కూడా. 1929లో, 1930లో లె మాన్స్ పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ తర్వాత చాలాసార్లు మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ఘోర ప్రమాదం జరిగి డ్రైవరు పోయాక దానికి పూర్తిగా కొత్త ఒళ్ళు కట్టారు. చివరి యజమాని హబ్బర్డ్ దాన్ని కోటి పౌన్లకి బేరం పెడితే, ఇందులో ఆ పాత కారు ఏదీ అని కొన్న కంపెనీ అడ్డం తిరిగింది. 1990లో జస్టిస్ ఆటన్ తీర్పు హబ్బర్డ్ వైపు వచ్చింది. ఇది ‘ఒరిజినల్’ కాకపోవచ్చు, కానీ అసలైనదే, ఎందుకంటే ఒక్కో మార్పూ ముందరి దాని మీదే జరిగింది, మధ్యలో తెగిపోయింది లేదు అన్నది దాని సారం. ఆ జడ్జిగారిని శివరాత్రికి కోటప్పకొండ తీసుకొచ్చి ఉంటే కేసు ఇంకా త్వరగా తేలేది. అక్కడ ప్రతి ఏడూ కొత్త వెదుళ్ళు, కొత్త గుడ్డలు, కొత్త దీపాలతో కట్టిన ప్రభని ప్రతి ఊరివాడూ ‘మా ఊరి ప్రభ’ అనే అంటాడు. నిరుటిది కాదని ఎవరూ అనరు.

మన చట్టం మాత్రం ఇంకో వైపు నిలబడింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషనుకి కొత్త నిబంధనలు ప్రకటించింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, మొదటి రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు. తప్పుడు నిబంధన అనను, ఏదో ఒక గీత గీయాలి కదా. కానీ ఆ గీతకి లోపల పడేది ఎక్కువగా కోటల్లో నిద్రపోయిన బండ్లే. బయట పడేవి బొగ్గుతో నడిచినవి, డీజిలు ఇంజను మింగినవి, మిరపకాయలు మోసినవి. లేత్ పనివాడు ఒక్కో ముక్కా చేత్తో తిప్పి బతికించిన బండ్లకి ఇక తుక్కు దుకాణమే గతి. అవి పోతే, ఈ ప్రాంతంలో మోటారు బండి ఎలా బతికిందో చెప్పే సాక్ష్యం కూడా వాటితోనే పోతుంది.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. వింటేజ్ ప్లేటున్న బండి రోడ్డెక్కేది కొన్ని పనులకే: ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకి. సంతకి వెళ్ళకూడదు, పెళ్ళికి అద్దెకివ్వకూడదు, రోజువారీ వాడకం అసలే కూడదు. చౌమొహల్లాలో అద్దాల వెనకున్న పసుపు బండికి ఇదేమీ కొత్త కాదు. కొత్తగా ఉన్నప్పుడు కూడా అది చేసింది అంతే. సంతకి ఫోర్డు ఉండేది.