పెనుమూడి దాటితే దివిసీమ

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకు ఒక్క పగట్లో చూసి రాగల దీవి ఇది. అంత తేలిగ్గా వెళ్లి రావడం మాత్రం ఈమధ్య వచ్చిన వెసులుబాటే.

ఈ తీరం మీద కన్నేసింది వర్తకులు. 1606లో డచ్చివాళ్లు పెదపల్లిలో, అంటే నేటి నిజాంపట్నంలో, వ్యాపారానికి దిగారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ అక్కడికే వచ్చింది. బందరు రేవును ఆనుకుని ఉన్న దివి 1750ల్లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. 1759లో ఇంగ్లీషు సేన బందరు కోటను పట్టుకున్నాక ఇంగ్లీషువాళ్ల వశమైంది.

యాత్రికుల దారి వేరు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి, దాని అవతల సాగర సంగమం. అక్కడ మునిగిన కాకి హంస అయిందన్న ఐతిహ్యాన్ని నమ్మి మాఘ పౌర్ణమికి జనం తరలి వస్తారు. నా దృష్టిలో దివికి వెళ్లడంలో అసలు సంప్రదాయం ఇదే: స్నానం, దర్శనం, తిరుగు ప్రయాణం.

1855కల్లా బెజవాడ ఆనకట్ట పూర్తయి, తెనాలి మీదుగా పారే కాలువల్లో పడవలు తిరిగాయి. 1916లో రైలు రేపల్లె దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆపైన పెనుమూడి రేవు, పడవ. ఏటికి వరదొస్తే ప్రయాణం వాయిదా.

1977 నవంబరు 19న ఆ దీవి పేరు దేశమంతా వినాల్సి వచ్చింది. తుపాను చీరాల, నిజాంపట్నం మధ్య తీరం దాటింది. మన వైపు తుపానుల్లో గాలి ఎడమ సుడిగా తిరుగుతుంది కాబట్టి, కేంద్రానికి కుడిపక్కనున్న తీరం మీదికి అది సముద్రాన్ని నెట్టుకొస్తుంది. ఆ కుడిపక్కన ఉన్నది దివి. అయిదారు మీటర్ల ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. తలదాచుకోవడానికి ఎత్తయిన నేల లేదు, గట్టి కట్టడాలు తక్కువ. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టాలన్న పట్టుదల ఆ చావుల తర్వాతే బలపడింది. అవనిగడ్డలో ఉప్పెన స్మారక స్తూపం ఉంది. దివికి వచ్చినవాళ్లు సముద్రం కంటే ముందు దాన్ని చూడాలంటాను. పిల్లలతో వస్తే అక్కడ నిలబెట్టి ఆ రాత్రి సంగతి చెప్పాలి.

పెనుమూడి, పులిగడ్డల మధ్య 2006లో వారధి తెరిచారు. రేవు పనిపోయింది, కార్లొచ్చాయి. ఇప్పుడు చాలామంది హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప ఒడ్డున ఫొటోలు దిగి మధ్యాహ్నానికి వెనుదిరుగుతున్నారు. అది చాలదు. సంగమం దగ్గర నీటి లాగుడు ఎక్కువ, ఈతకు పనికిరాదు. అందుకే మధ్యాహ్నం పూట నాగాయలంక వైపు వెళ్తే మడ అడవులు చూడొచ్చు. కృష్ణా అభయారణ్యంలో భాగమైన ఈ మడల్లో బావురుపిల్లి బతుకుతుంది, పీతలూ రొయ్యపిల్లలూ పెరుగుతాయి. ఉప్పెన ఊపును కొంతైనా ఆపేది ఈ చెట్ల వేళ్లే. అవతల ఎదురుమొండి లాంటి లంకల జనానికి వారధి వచ్చాక కూడా ఏళ్ల తరబడి పంటు పడవే దిక్కయింది: బడికైనా, ఆసుపత్రికైనా, ధాన్యం అమ్ముకోవడానికైనా.