ఏజెన్సీ కొండలెక్కని వాణిజ్య ఎఫ్‌.ఎం.

హైదరాబాద్‌, తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రేడియో ముల్లు కాస్త కదిపితే చాలు, మరో కేంద్రం పలుకుతుంది. 91.1పై రేడియో సిటీ, 92.7పై బిగ్‌, 93.5పై రెడ్‌, 98.3పై మిర్చి, ఇవిగాక ఆకాశవాణి వారి రెయిన్‌బో, వివిధభారతి. ఇక్కడ చదువుకునే ఆదిలాబాద్‌ ఏజెన్సీ విద్యార్థి సెలవులకు ఇల్లు చేరితే ఈ సందడి ఉండదు. అక్కడి వారికి దశాబ్దాలుగా పెద్దదిక్కు 1986లో ప్రారంభమైన ఆకాశవాణి ఆదిలాబాద్‌ కేంద్రమే. గోండీ భాషలోనూ కార్యక్రమాలు వినిపించిన ఘనత దానిది.

ప్రైవేటు కేంద్రాలు కొండల వైపు చూడకపోవడానికి మొదటి కారణం భౌగోళికం. ఎఫ్‌.ఎం. తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. ప్రసార స్తంభానికీ రేడియోకూ నడుమ గుట్ట అడ్డొస్తే దాని వెనుకనున్న గూడెంలో గరగర శబ్దమే మిగులుతుంది. మీడియం వేవ్‌ తరంగాలు నేలనంటి వంగి చాలా దూరం వెళ్లగలవు కానీ వాటికి భారీ స్తంభం, అధిక విద్యుత్తు కావాలి. ఎఫ్‌.ఎం.తోనే నెట్టుకురావాలంటే ఎత్తైన గుట్టపై స్తంభం నాటి, నీడ పడిన లోయలకు చిన్న ప్రసారిణులు అదనంగా పెట్టుకోక తప్పదు.

రెండోది డబ్బు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రైవేటు ఎఫ్‌.ఎం. అనుమతులు పట్టణాల వారీగా వేలంలో దక్కుతాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అప్పటిదాకా ప్రైవేటు ఎఫ్‌.ఎం. లేని 234 పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. తెలంగాణకు 10 పట్టణాల్లో 31 కేటాయించగా, ఆదిలాబాద్‌, కొత్తగూడెం, మంచిర్యాలకు మూడేసి వచ్చాయి. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వంటి చోట్ల పేరే లేదు. ఎరువుల దుకాణం, బట్టల కొట్టు, కేస్లాపూర్‌ నాగోబా జాతర ప్రకటనలతో బతకగల చిన్న వాణిజ్య కేంద్రానికి ప్రత్యేక తరగతి అంటూ విధానంలో కల్పించలేదు. పట్నపు కొలతతో కొండను కొలిస్తే వచ్చే ఫలితమిది.

వార్తల విషయంలోనూ పరిమితులున్నాయి. 2011 నాటి మూడో దశ విధానం ప్రకారం ప్రైవేటు కేంద్రాలు ఆకాశవాణి వార్తలను యథాతథంగా మాత్రమే ప్రసారం చేయాలి. అయితే వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, అధికారులు అందించే ఆరోగ్య, విపత్తు హెచ్చరికలు వార్తల కిందికి రావు. వానాకాలం వాగులు పొంగి దారులు మూసుకుపోయే, మలేరియా విజృంభించే గూడేలకు కావలసినవి సరిగ్గా ఇవే.

సామాజిక రేడియో మరో మార్గం. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. లాభాపేక్ష లేని సంస్థలకు 2006లో అనుమతి లభించగా, 2008 అక్టోబరు 15న జహీరాబాద్‌ సమీపంలోని మాచునూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో మొదలైంది. నాటి తీర్పు వెలువరించిన ధర్మాసనంలోని జస్టిస్‌ పి.బి.సావంత్‌ దానిని ప్రారంభించడం విశేషం. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2011లో 'బోల్‌ హైదరాబాద్‌'కు శ్రీకారం చుట్టింది. వీటి ప్రసార సామర్థ్యానికి 100 వాట్ల పరిమితి ఉంది కనుక మైదానంలోనైనా పది పదిహేను కిలోమీటర్లు దాటడం కష్టం. గచ్చిబౌలి ప్రాంగణపు గొంతు తార్నాక ప్రాంగణానికే వినబడదు.

వాణిజ్య ప్రకటనల వ్యవధిని మాత్రం 2024 మార్గదర్శకాల్లో గంటకు 12 నిమిషాలకు పెంచారు. అద్దెలు, జీతాలు వెళ్లదీయడానికి కొంత ఊతమే. ఏజెన్సీలో ఏదైనా కళాశాలో, కృషి విజ్ఞాన కేంద్రమో దరఖాస్తు చేసుకోవడానికి నిబంధనలు అడ్డురావు.