ఇంజన్ కూలెంట్

కారు, లారీ, ట్రాక్టర్ వంటి వాహనాల ఇంజన్‌లో పుట్టే వేడిని గ్రహించి, రేడియేటర్ ద్వారా గాలిలోకి వదిలే ద్రవాన్ని కూలెంట్ అంటారు. శుద్ధమైన నీరు, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పును ఆపే రసాయనాలు ఇందులోని ముఖ్య భాగాలు. చలిదేశాల్లో రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా ఆపడానికి గ్లైకాల్ వాడకం మొదలైంది. అందుకే మంచు పడని మన ప్రాంతంలో దీని అవసరం లేదని, బోరు నీళ్లు పోసినా బండి నడుస్తుందని చాలామంది నమ్ముతారు. వరంగల్‌లో ఇంజన్లకు ఆ నమ్మకం చాలా చేటు చేస్తోంది. ఇక్కడి ఇంజన్లను పాడుచేసేవి ఎండ, నీళ్లలోని ఉప్పులు.

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సిలిండర్ హెడ్‌కు వాడే అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పెట్రోల్‌లోని శక్తిలో సుమారు మూడో వంతే ఇంజన్ చేసే పనిగా మారుతుంది, మరో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని మోసుకుపోవలసింది కూలెంటే. మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే పంపు ఈ ద్రవాన్ని సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లో తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది. జర్మన్ ఇంజనీరు విల్హెల్మ్ మేబాక్ 1900 నాటికి సన్నని గొట్టాలను తేనెపట్టు గదుల్లా పేర్చిన రేడియేటర్‌ను రూపొందించాడు. కొద్ది నీటితోనే ఎక్కువ వేడిని గాలికి వదిలేయవచ్చని అది నిరూపించింది.

ఇంజన్ మరీ చల్లగా ఉన్నా ప్రమాదమే. 90 డిగ్రీల అటూ ఇటూ ఉన్నప్పుడే ఆయిల్ సరిగ్గా పాకుతుంది, ఇంధనం సరిగ్గా మండుతుంది. ఆ వేడి వచ్చేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే కవాటం థర్మోస్టాట్. ఎండాకాలం బండి హీటెక్కుతోందని కొందరు ఆ వాల్వును పీకేయిస్తారు. దాంతో ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. హీటెక్కడానికి అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

వేడిని మోయడంలో మామూలు నీరే గ్లైకాల్ మిశ్రమం కన్నా మెరుగు. అయినా కూలెంట్ ఎందుకంటే, మొదటి కారణం మరిగే స్థాయి. నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. నీరు, గ్లైకాల్ సగం సగం కలిపితే 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల ఆ హద్దు 125 డిగ్రీలు దాటుతుంది. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ తగిలిన చోట లోహం నుంచి వేడి సరిగా కదలదు. హెడ్ వంకర పోవడం అక్కడే మొదలవుతుంది. వరంగల్‌లో మే నెలలో గాలి వేడి 44 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. రేడియేటర్‌ను చల్లార్చవలసిన గాలే అంత వేడిగా ఉంటే మిగిలే వెసులుబాటు తక్కువ.

రెండో కారణం ఇంకా పెద్దది. ఓరుగల్లు నేల గ్రానైటు రాతినేల. ఇక్కడి బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా ఉంటాయి. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లని పెచ్చే ఇంజన్ సందుల్లోనూ పడుతుంది. అది వేడిని పంపించే శక్తి అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వందో వంతు. గోడకు పలుచని పొర పడితే చాలు, మీటరులో కూలెంట్ వేడి మామూలుగా కనిపిస్తున్నా లోపల లోహం కాలిపోతుంటుంది. ఇనుము, రాగి, అల్యూమినియం ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటే వాటి మధ్య విద్యుత్ రసాయన చర్య కూడా జరుగుతుంది. అల్యూమినియం ముందుగా తినబడి గుంటలు పడుతుంది. కూలెంట్‌లోని నిరోధకాలు లోహం మీద రక్షణ పొర ఏర్పరచి దీన్ని ఆపుతాయి. తాగడానికి పనికొచ్చే నీళ్లు రేడియేటర్‌కు కూడా పనికొస్తాయనుకోకూడదు. కూలెంట్‌లో కలపవలసింది డిస్టిల్డ్ వాటర్.

రైల్వే వారికి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కాజీపేటలో డీజిల్ లోకో షెడ్ ఉంది. డీజిల్ రైలింజన్లలో గ్లైకాల్ లేకపోయినా శుద్ధి చేసిన నీటిలో తుప్పు నిరోధకాలు కలిపే పోస్తారు. గడ్డకట్టే చలి లేని చోట కూడా వట్టి నీళ్లు పోయరన్నమాట. పెద్దవాళ్లు నడిపిన అంబాసిడర్ కారుకు బావి నీళ్లు సరిపోయిన మాట నిజమే. దాని ఇంజన్ బరువైన పోత ఇనుముది, నీటి సందులు వెడల్పు. నేటి కార్లలో హెడ్డే కాక బ్లాకు కూడా చాలావాటికి అల్యూమినియమే, దారులు సన్నం. నిన్నటి అలవాటు ఈ బండికి సరిపడదు.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లే దారిలో బండ్లు గంటల తరబడి నత్తనడకన సాగుతాయి. వేగం వల్ల వచ్చే గాలి అప్పుడుండదు, భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. కూలెంట్ కాస్త తగ్గినా, ఫ్యాను మొరాయించినా ఆవిరి చిమ్మేది అక్కడే. వరి కోతల కాలంలో హార్వెస్టర్ల, ట్రాక్టర్ల రేడియేటర్ జాలీలు పొట్టుతో, దుమ్ముతో మూసుకుపోతాయి. లోపల ఎంత మంచి కూలెంట్ ఉన్నా బయటి నుంచి గాలి తగలనప్పుడు లాభం లేదు.

కూలెంట్ తగ్గిన సంగతి పట్టించుకోకపోతే నష్టం త్వరగా పెరుగుతుంది. ముందు హెడ్ గాస్కెట్ పోతుంది. కూలెంట్ సిలిండర్‌లోకి చేరితే తియ్యని వాసనతో తెల్లని పొగ వస్తుంది. ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. హెడ్‌ను లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాల్సి వస్తుంది. అప్పటికీ బండి నడిపితే పిస్టన్లు పట్టేసి ఇంజన్ సీజ్ అవుతుంది. మీటరు ఎర్రగీతకు చేరగానే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పోతే లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాగిన ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే లోహం పగలవచ్చు.

ఆకుపచ్చ, గులాబి, నారింజ వంటి రంగులు కేవలం అద్దకాలు. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపకూడదు, వాటి రసాయనాలు పొసగక జిగురు కట్టవచ్చు. బండి పుస్తకంలో చెప్పిన రకమే కొనాలి. మన దేశంలో కూలెంట్‌కు ఐఎస్ 5759 అనే ప్రమాణం ఉంది. పాతరకం కూలెంట్‌లో నిరోధకాలు రెండేళ్లకు అయిపోతాయి, సేంద్రియ ఆమ్లాలతో చేసినవి ఐదేళ్లదాకా ఆగుతాయి. చూడటానికి ద్రవం శుభ్రంగా ఉన్నా గడువు తీరితే మార్చాల్సిందే.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. శరీరంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లలు, కుక్కలు, పశువులు రుచికి తాగే ప్రమాదం ఉంది. పాత కూలెంట్‌ను షెడ్డు ముందు మోరీలో పారబోయకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ నింపి పెట్టకండి.