పనిచేసే చోట సీసీ కెమెరాలు: చట్టం గీసిన హద్దులు

కార్యాలయాల్లో, కర్మాగారాల్లో ఉద్యోగులపై సీసీ కెమెరాల నిఘాకు సంబంధించి దేశంలో ప్రత్యేక కేంద్ర చట్టమేదీ లేదు. ఈ నిఘాపై నిషేధమూ లేదు. దాని హద్దులను వేర్వేరు చట్టాలు నిర్ణయిస్తున్నాయి.

రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. అయితే ప్రాథమిక హక్కులను ప్రధానంగా ప్రభుత్వానికి వ్యతిరేకంగానే కోరగలరు.

ప్రైవేటు సంస్థల విషయంలో దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కీలకం. ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకునేందుకు సిబ్బంది సమ్మతి లేకుండానే వారి డేటాను వినియోగించుకోవడానికి 7వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అదే సమయంలో ఆ డేటా బయటకు పొక్కకుండా చూసే బాధ్యత యాజమాన్యానిదే. విఫలమైతే రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.

మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదుల విషయంలో మాత్రం ఎలాంటి వెసులుబాటూ లేదు. అనుమతి లేకుండా శరీరంలోని రహస్య భాగాలను చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. బాధితురాలు మహిళ అయితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. తొలిసారి నేరానికే కనీసం ఏడాది జైలు తప్పదు.