ఆ ఎనిమిది పేజీలు రాసిందెవరు?

1892 ఏప్రిల్. హైదరాబాద్ ఎండకు ఉడికిపోతోంది. వట్టివేళ్ల తడికల వెనక చీకటి గదుల్లో పంకాలు ఊగుతున్నాయి. చేతులు మారుతోంది ఓ సన్నటి పుస్తకం. ఎనిమిది పేజీలు. ఇంగ్లీషు అచ్చు. రాసినవాడి పేరు లేదు. నగరంలోని పెద్దింటి ఆడవాళ్లకు విన్నపమట! తెరిచినవాళ్లు గబుక్కున మూశారు. మళ్లీ తెరిచారు. లోపలున్న పేరు ఎలెన్ డోనెల్లీ.

నిజాం ప్రభుత్వ హోం సెక్రటరీ మెహదీ హసన్ భార్య ఆమె. తెల్లవారి బిడ్డ, పుట్టింది ఈ దేశంలోనే. లక్నో నుంచి వచ్చిన ఆ జంట ఎంత వేగంగా పైకొచ్చిందంటే, ఆయన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి కూడా చూసేశాడు, ఆమె పరదా వదిలి దొరల విందుల్లో కూర్చుంది, మన వరంగల్ వైపు సింగరేణి బొగ్గు తవ్వే హక్కులు దక్కిన కంపెనీ బాగోతం మీద 1888లో లండన్ పార్లమెంటు విచారణ పెడితే నిజాం ప్రభుత్వం తరఫున ఆయనే ఓడెక్కాడు, విక్టోరియా మహారాణిని కూడా ఇద్దరూ కలిసొచ్చారు. అన్నీ చూస్తూ ఎవరో పళ్లు నూరారు.

వాళ్లకసలు పెళ్లే కాలేదంది పుస్తకం. లక్నోలో ఆమె ఒళ్లమ్ముకుందంది. పదవుల కోసం మొగుడే ఆమెను పెద్దమనుషుల దగ్గరికి పంపాడంది. ఊరుకుంటే జనం నిజమనుకుంటారు. కోర్టుకెక్కితే ప్రతి మాటా బయట చదువుతారు. మెహదీ కోర్టుకే వెళ్లాడు.

ఆ పుస్తకం అచ్చేశాడన్న ఆరోపణ మీద ముద్దాయి ఎస్.ఎం. మిత్ర, బెంగాలీ. విచారణ బ్రిటిష్ రెసిడెన్సీ కోర్టులో. కోఠిలోని ఆ రెసిడెన్సీని కట్టించిన బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కూడా ఇక్కడి పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడి, ఆ పెళ్లి మీద గవర్నర్ జనరల్ విచారణ దాకా వెళ్లినవాడే. లండన్‌లోనూ ఇలాంటి అచ్చు ఆటలు పాతవే. 1820లో రాజు నాలుగో జార్జి, ఆయన భార్య కరోలిన్ రాణి గొడవ బొమ్మల కాగితాలై దుకాణాల అద్దాల్లో వేలాడింది. తనను అసభ్యంగా గీయొద్దని చిత్రకారుడు క్రూక్‌షాంక్‌కు రాజు 100 పౌండ్లు ముట్టజెప్పాడు. రాజుకు ఆ వీలుంది. ఎలెన్‌కు?

మద్రాసు నుంచి మిత్ర తరఫున లాయరు ఎర్డ్‌లీ నార్టన్ దిగాడు. ప్రశ్న మీద ప్రశ్న. అచ్చేసిందెవరన్న మాట పక్కకు జరిగిపోయింది. ఎలెన్ ఎవరితో తిరిగింది, ఏ ఇంట్లో ఉంది, పెళ్లికి సాక్ష్యమేది? సాక్షులను డబ్బిచ్చి కొన్నారని రెండు పక్షాలూ అరుచుకున్నాయి. పత్రికలు ఆ మాటలన్నీ కలకత్తా దాకా, లండన్ దాకా మోశాయి. ఫిర్యాదు చేసింది మొగుడు. బోనులో ఉన్నది మిత్ర. శిక్ష మాత్రం తీర్పు రాకముందే ఆమెకు పడిపోయింది. నెలలు గడిచాయి. 1893 వచ్చింది. తీర్పు చదివే రోజూ వచ్చింది.

మిత్ర నిర్దోషి.

మెహదీ ఉద్యోగం ఊడింది. జంట లక్నో చేరింది. ఒకప్పుడు కాంగ్రెస్‌ను ప్రమాదమన్నవాడు, ఇంగ్లీషు ప్రభుత్వాన్ని అంతగా నమ్మినవాడు, ఇప్పుడు కొలువు కోసం తలుపులు తట్టాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. 1904లో పోయాడు. ఎలెన్ చేతిలో చిల్లిగవ్వ లేదు. తనను తరిమిన హైదరాబాద్‌కే, ప్రధానమంత్రికి, సాయం చేయమని ఉత్తరం రాసుకుంది. జాలిపడి కొద్దిపాటి భృతి మంజూరు చేశారు. అది ఎక్కువ కాలం అందుకోకుండానే ఆమె కన్నుమూసింది. ఆ పుస్తకం రాసినవాడి పేరు ఏ కోర్టూ తేల్చలేదు.