ఆరుబయలు సభలలో ధ్వనియు, దృశ్యమును

అనంతపురము జిల్లాలోని కంబదూరు ప్రాచీన మల్లికార్జునాలయము గల గ్రామము. ఈ మెట్టసీమ వానకంటె గాలినే యెక్కువగా నెరుగును. ఇట్టి సీమలో జాతరకైనను, బొమ్మలాటకైనను, సభకైనను జనులు కూడునది ఆరుబయలనే. అచట గోడలు లేవు, పైకప్పు లేదు; నోట వెడలిన మాటను చెవికి మరలించు ఆధారమేదియు లేదు. అట్టి బయలులో వందలకొలది జనులకు మాట వినిపించుటకు, బొమ్మ చూపించుటకు మనవా రేయే యేర్పాట్లు గావించిరో, యంత్రములు వచ్చిన పిమ్మట అందేమి మారినదో శ్రోతలకు మనవి చేయదలచితిని.

మొదట తోలుబొమ్మలాటను దలచుకొందము. ధర్మవరము మండలములోని నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన గ్రామము. 2022లో జరిగిన జిల్లాల విభజనచే అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ గ్రామపు కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తెల్లని తెర, దాని వెనుక దీపము, నడుమ రంగుల తోలుబొమ్మ: ఇంతియే సాధనసామగ్రి. తొలుత ఆముదపు దీపములు, పిదప పెట్రోమాక్సు లైట్లు, అటుపిమ్మట విద్యుద్దీపములు వెలిగినవి. ఆంధ్రదేశపు బొమ్మలలో కొన్ని మనిషి యెత్తునకు సమీపించును. కడపట కూర్చున్నవానికి రావణుని పది తలలును కానరావలెనన్న బొమ్మ పెద్దది కావలదా? ధ్వనికి హార్మోనియము, మృదంగము, తాళములు కలవు. యుద్ధఘట్టము రాగానే ఆటగాండ్రు కాళ్లక్రింది చెక్కపలకలను దడదడ త్రొక్కుదురు.

రాత్రివేళ ఆడుటచే దీపమునకే గాక ధ్వనికిని మేలు కలుగును. పగలు నేల కాగి, దాని నంటియున్న గాలి వేడెక్కగా శబ్దము మీదికి వంగి పోవును. రాత్రి నేల చల్లబడినంతనే శబ్దము క్రిందికి వంగి దూరము సాగును. ఎదురుగాలిలోనికి పలికిన మాటయు మీదికే లేచి, ముందున్నవారి తలలపై నుండి దాటిపోవును.

ఇక యంత్రముల కథ. కాలిఫోర్నియాలో ప్రిధాము, జెన్‌సెను అను నిరువురు 1915లో లౌడుస్పీకరును బహిరంగముగా ప్రదర్శించిరి. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సను శాండియాగో నగరమున దాని సాయముననే వేలాది జనులకు ప్రసంగించెను. అనంతపురము జిల్లా ఆ కాలమున మద్రాసు రాజధానిలోనిది. మద్రాసు కార్పొరేషనువారు 1930లో రేడియో ప్రసారము ప్రారంభించి, సముద్రతీరమునను ఉద్యానములలోను లౌడుస్పీకర్లు అమర్చి, రేడియో కొనజాలని సామాన్యునికిని సంగీతము వినిపించిరి. 1975 ఆగష్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో ఉపగ్రహము ద్వారా టెలివిజను చూపిరి. ఊరి కొక పెట్టె. దాని ముందు జనసమూహము. 36,000 కిలోమీటర్ల యెత్తునుండి దిగివచ్చిన బొమ్మ కడపటి నాలుగు బారలు దాటి వెనుకవానికి స్పష్టముగా నందుట దుర్లభమే. మనిషియంత బొమ్మను చేసిన తోలుబొమ్మలవారు ఆ చిక్కును ముందే గ్రహించిరని నా యభిప్రాయము.

ఈ చరిత్రను చూడగా నాకు తోచిన దొక్కటి: సభాసాధనముల విలువను మొదటి వరుసలోగాక కడపటి వరుసలో కొలువవలెను. బయలులో దూరము రెట్టింపైనప్పుడెల్ల ధ్వని 6 డెసిబెల్సు తగ్గును. అందుచే కొందరు వేదికచెంతనే హార్నులు గుత్తులుగా గట్టి, శక్తికొలది మ్రోగింతురు. ముందున్న పసిపిల్లలు చెవులు మూసికొందురు. వెనుకవారికి మాట తెలియదు. దానికంటె నడుమ నడుమ చిన్న స్పీకర్లు నిలుపుట మేలు. అయితే శబ్దము సెకనుకు 340 మీటర్లే నడచును గనుక, 100 మీటర్ల దూరమున నున్న స్పీకరునకు మాటను 0.3 సెకను ఆలస్యముగా నందింపవలెను. లేనిచో ఒకే మాట రెండుమారులు వినవచ్చి గందరగోళమగును. తెరకును లెక్క యున్నది: కడపటి ప్రేక్షకుడు 90 అడుగుల దూరమున నున్నచో తెర 15 అడుగుల యెత్తైన నుండుట యుక్తము. జనరేటరును గాలి పోవువైపున దూరముగా నుంచవలెను.

వినగోరువారికి వినిపించుట యెంత ముఖ్యమో, వినగోరనివారిని నిద్రింపనిచ్చుటయు నంత ముఖ్యము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లను సామాన్యముగా నిషేధించినవి. రాత్రి చల్లగాలిలో శబ్దము దూరము సాగునని ముందే చెప్పితిని గదా. ఆటకు మేలైన ఆ గుణమే ప్రక్క ఊరి రోగికి బాధయగును.

కాబట్టి సభ కుదుర్చు పెద్దలు మైకుసెట్టు అద్దెకు బేరమాడుటకు ముందు బయలు నాలుగు వైపుల నడచి చూతురు గాక. కూలిపని ముగించుకొని ఆలస్యముగా వచ్చువాడును, చంటిబిడ్డ నెత్తుకొని యంచున నిలుచు తల్లియు నెచట నుందురో గుర్తింతురు గాక. అచటికి మాట చేరెనా సభ చేరినట్లే. చేరకున్నచో నెన్ని హార్నులు గట్టినను అది వేదికమీదివారి ముచ్చటయే యగును.